నాలుగు ఇటుకల లోతు

నా చిన్నప్పుడు, నాలుగో తరగతిలో ఉండగా, ఒకరోజు నేను బడి నుంచి ఇంటికి వచ్చేసరికి మా అమ్మ కువైట్ వెళ్ళిపోయింది.

ఆ రోజు బడిలో పదహారో ఎక్కం ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పాను. తరగతిలో ఇంకెవరికీ రాలేదు. ఆ సంగతి అమ్మకు చెప్పాలని కాలువ గట్టు వెంట పరిగెత్తుకుంటూ వచ్చాను. ఇంటికి తాళం వేసి ఉంది. మా పెద్దమ్మ, అంటే అమ్మకు సొంత అక్క, అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన నా బట్టల మూట. "మీ అమ్మ ఊరెళ్ళిందమ్మలూ. వచ్చేదాకా మనింట్లో ఉందువుగాని రా," అంది. ఏ ఊరని అడిగాను. చెప్పింది. ఆ పేరు నాకు తెలిసిందే. మా వీధిలోంచి అప్పటికే ఇద్దరు ఆడవాళ్ళు అక్కడి ఇళ్ళలో పనికి వెళ్ళి ఉన్నారు. వెళ్ళినవాళ్ళు ఏళ్ళ తరబడి రారని కూడా తెలుసు.

నాన్న అంతకు రెండేళ్ళ ముందే పోయాడు. కొబ్బరి దింపు తీసేవాడు. వానకు తడిసిన చెట్టు మీంచి జారి పడ్డాడు. ఆ తరవాత అమ్మ ఒక్కతే నన్ను పెంచలేక ఈ దారి పట్టింది. చెబితే నేను ఏడుస్తానని, నేను ఏడిస్తే తన కాళ్ళు కదలవని, నేను బడిలో ఉన్న వేళ చూసుకుని బయలుదేరిందట. ఇదంతా పెద్దయ్యాక అర్థమైంది. ఆ వయసులో నాకు అర్థమైంది ఒక్కటే: అమ్మకు వెళ్ళే సంగతి ముందే తెలుసు. పొద్దున్న జడ వేస్తున్నప్పుడు కూడా తెలుసు. తెలిసీ నాకు చెప్పలేదు.

మాది మలికిపురం దగ్గర చిన్న ఊరు. పెద్దమ్మ ఇంట్లో నలుగురు పిల్లలు, నాతో అయిదుగురం. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అన్నం దగ్గర తేడా చూపించలేదు. అయినా ఆ ఇంట్లో నేను ఎప్పుడూ చివర ఉండేదాన్ని. పెద్దమ్మ పొద్దున్నే తన ఇద్దరు ఆడపిల్లలకూ జడలు వేసి, ఆఖరున నన్ను కూర్చోబెట్టుకునేది. అప్పటికి బడి గంట కొట్టే వేళయ్యేది. హడావిడిగా అల్లిన జడ మధ్యాహ్నానికల్లా ఊడిపోయేది. తప్పు ఆమెది కాదు. కానీ ఊడిపోయిన జడతో బడి మెట్ల మీద కూర్చున్నప్పుడు, ఇంత పెద్ద లోకంలో నా తల దువ్వడం ఎవరికీ ముందు పని కాదనిపించేది.

అమ్మ వెళ్ళిన నాలుగైదు నెలలకు, అక్కడి నుంచి తిరిగొచ్చిన ఒకావిడ చేత ఒక టేపురికార్డరు, ఒక క్యాసెట్టు పంపింది. ఫోన్లు లేని రోజులు. ఉత్తరం రాయడం అమ్మకు రాదు. అందుకని గొంతే పంపింది. వీధిలో సగం మంది వచ్చి పెద్దమ్మ ఇంట్లో కూర్చున్నారు. అమ్మ ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరించింది. చివర్న నన్ను. "అమ్మలూ, బాగున్నావా? నేను బాగున్నాను. పెద్దమ్మ చెప్పినట్టు విను. బాగా చదువుకో." అంతే. అందరూ కళ్ళు తుడుచుకున్నారు. నాకు మాత్రం ఆ గొంతు వెనక ఎవరో అరబ్బీలో పిలవడం, అమ్మ గబగబా "వస్తన్నా" అని తెలుగులోనే బదులివ్వడం ఎక్కువ వినిపించింది.

తరవాత ఆదివారం జవాబు నింపడానికి కూర్చున్నాం. పెదనాన్న కొబ్బరి కాపు గురించి చెప్పాడు. పెద్దమ్మ ఇంటి సంగతులు చెప్పింది. పిల్లలు పద్యాలు చదివారు. నా వంతు వచ్చింది. ఎర్ర మీట నొక్కి అందరూ నావైపు చూశారు. "మాట్టాడవే, అమ్మ వింటాది," అంది పెద్దమ్మ. నా నోరు పెగల్లేదు. క్యాసెట్టు లోపల చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. ఏమని చెప్పాలి? బాగున్నానంటే అబద్ధం. బాగోలేనంటే ఏడుపొస్తుంది. చెప్పకుండా వెళ్ళిన మనిషికి నేను మాత్రం ఎందుకు చెప్పాలన్న పంతమూ ఉంది. పిల్లలు కిసుక్కున నవ్వారు. పెదనాన్న "మొండిఘటం" అని మీట ఆపేశాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నా పేరు మొండిది.

రెండో క్యాసెట్టు వచ్చింది. అందులో అమ్మ గొంతు మారిపోయింది. "అందరి మాటలూ విన్నానక్కా. అమ్మలు మాట ఒక్కటే లేదు. తిప్పి తిప్పి విన్నాను. దానికేవన్నా అయిందా? నా దగ్గర దాస్తన్నారా? నాకు ముద్ద దిగట్లేదు," అంది. పెద్దమ్మ నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని బతిమాలింది. ఒక్క మాట, దగ్గినా సరే, అంది. ఆమె కళ్ళలో నీళ్ళు చూశాక మాట్లాడాలనే అనుకున్నాను. నోరు తెరిచాను కూడా. గాలి తప్ప ఏమీ రాలేదు. వాళ్ళు మళ్ళీ మీట నొక్కబోయేసరికి లేచి దొడ్లోకి పరిగెత్తి, కొబ్బరాకు దడి సందులోంచి దూరి పక్కింట్లో పడ్డాను.

పక్కింటావిడను ఊరంతా నర్సమ్మగారు అనేవారు. ఎక్కడో నీలగిరి కొండల్లో ఆసుపత్రిలో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసి, ఉద్యోగం అయ్యాక పుట్టిన ఊరు వచ్చి ఒక్కతే ఉంటోంది. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం పొద్దున్న చర్చికి వెళ్ళడం, మిగతా రోజుల్లో ఎవరికన్నా జ్వరమొస్తే వెళ్ళి చూడడం తప్ప గడప దాటేది కాదు. తుపానుకు రెండు కొబ్బరిచెట్లు కూలిపోయి ఆమె దొడ్లో ఎండపడే జాగా ఏర్పడింది. అక్కడ సిమెంటుతో గుండ్రంగా ఒక కుంట కట్టించింది. అందులో దిగితే నీళ్ళు నా నడుం దాటేవి.

కలువలు మా వైపు కొత్తవి కావు. కాలువల్లో, చేల పక్కన బోదెల్లో బోలెడు పూస్తాయి. కాడ చీల్చి దండలు చేసుకుని ఆడుకునేవాళ్ళం. నర్సమ్మగారి కలువలు వేరు. మా కలువలు కాడ మీద నీటికి జానెడు ఎత్తున నిలబడితే, అవి నీటి మీద పడుకున్నట్టు పూసేవి. లేత గులాబీ రంగు, లోపల పసుపు. కొండల్లోంచి తెచ్చిన దుంపలట. అక్కడ చలికాలంలో ఆకులన్నీ కుళ్ళి పోతాయట, పైన నీళ్ళు గడ్డకడతాయట, అడుగున బురదలో దుంప మాత్రం అలాగే ఉండి ఎండ తగలగానే చిగురేస్తుందట. ఎవరైనా పేరడిగితే "మొండి కలవలండీ," అని నవ్వేది.

నేను దడి దూరి వచ్చేసరికి ఆమె గట్టు మీద కూర్చుని, పొడుగు కర్రకు కట్టిన కత్తెరతో పండుటాకులు కత్తిరిస్తోంది. ఎందుకొచ్చావని అడగలేదు. ఎందుకు ఏడుస్తున్నావనీ అడగలేదు. "వచ్చేవా? ఆ బకెట్టు ఇలా పట్టుకో," అంది. పట్టుకున్నాను. ఆమె ఆకులు కోసి వేస్తూ ఉంది, నేను మోస్తూ ఉన్నాను. పక్కింట్లోంచి నన్ను పిలుస్తున్న కేకలు ఇద్దరికీ వినబడుతూనే ఉన్నాయి. "రేపు కూడా వస్తావా? ఒక దుంప విడదీసి నాటాలి. నా మోకాళ్ళు కుంటలోకి దిగనివ్వట్లేదు," అంది. తలూపాను.

మర్నాడు బడి అయ్యాక వెళ్ళాను. ఒక పాత తొట్టిలో కలువ మరీ గుబురైపోయి, ఆకులు చోటు చాలక నీటిపైకి నిక్కి నిలబడ్డాయి. పువ్వు లేదు. ఆ తొట్టిని ఇద్దరం పైకి లాగాం. దుంప నా చెయ్యంత పొడుగుంది, నల్లగా, వేళ్ళతో. ఆమె కత్తితో ఒక బెత్తెడు ముక్క కోసి, చివర ఉన్న తెల్లటి మొలకను నా వేలితో తాకించింది. అది కన్ను. పక్క చేలోంచి జిగురు మట్టి తెచ్చి నా చేత కాళ్ళతో తొక్కించింది. పెంట వెయ్యాలా అని అడిగితే, వేస్తే నీళ్ళు పాడైపోతాయంది. వెడల్పాటి మట్టి తొట్టిలో ఆ మట్టి నింపి, దుంపను నడిమధ్యన కాకుండా ఒక అంచున, ఏటవాలుగా పెట్టించింది. అది పక్కకు పాకుతుంది కాబట్టి ముందు ఖాళీ ఉండాలి. కన్ను మాత్రం మట్టిపైకి కనబడాలి. పైన ఇసుక జల్లాం.

తరవాత కుంట అడుగున నాలుగు ఇటుకలు ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటి మీద తొట్టి పెట్టమంది. అంత ఎత్తు ఎందుకో నాకు తెలియలేదు. తొట్టి మీద జానెడు నీళ్ళే ఉన్నాయి. "ఇప్పుడే లోతులో పెడితే దీని ఆకు పైదాకా రాలేదమ్మా. వెలుగు చూడకుండానే చచ్చిపోద్ది. ఆకులొచ్చి నీటి మీద పరుచుకున్నాక ఒక ఇటిక తీస్తాం. మళ్ళీ వచ్చేక ఇంకోటి. అలా అడుగు దాకా," అని చెప్పింది.

ఆ రోజే ఆమె నాకు ఒక పని అప్పగించింది. తన కళ్ళకు పొర కమ్మిందని, నీటి లోపల ఏముందో కనబడడం లేదని, నేను రోజూ వచ్చి చూసి చెప్పాలని. దానికి ఒక షరతు పెట్టింది.

"బాగుంది అని చెప్తే కుదరదు. ఆ మాట నాకేవీ పనికిరాదు. ఏది ఎలా ఉందో చెప్పాలి. ఎన్ని ఆకులు, ఏ రంగు, నిన్నటికీ ఇవాళకీ ఏం మారింది. గట్టిగా చెప్పాలి, నాకు చెవులూ అంతంత మాత్రమే."

"ఆయ్," అన్నాను. చాలా రోజుల తరవాత గట్టిగా పలికిన మాట అదేననుకుంటాను.

మొదట్లో చెప్పడం రాలేదు. రెండు ఆకులండీ, అని ఆగిపోయేదాన్ని. ఎంతేసి ఆకులు? బొటనవేలంత. ఏ రంగు? ఎరుపు. ఎలాంటి ఎరుపు? అప్పుడు వంగి మళ్ళీ చూసేదాన్ని. చిగురు మామిడాకు రంగండీ, చుట్ట చుట్టుకుని ఉంది, పక్కన నత్త ఉంది, తీసెయ్యనా అండీ. రోజులు గడిచేకొద్దీ ఆమె అడగడం తగ్గింది, నేను చెప్పడం పెరిగింది. చేపపిల్లలు ఆకు కింద దాక్కున్న సంగతి, నీటి మీద పురుగు కాళ్ళకు తడి అంటని సంగతి. అక్కడి నుంచి మాట బడిలోకి, పెద్దమ్మ ఇంట్లోకి వెళ్ళిపోయేది. ఊడిపోయే జడ గురించి కూడా చెప్పాను. ఆమె గట్టు మీద కూర్చుని ఊఁ కొట్టేది. ఆమె పక్కన ఒక గంప బోర్లించి ఉండేది. కోడిపెట్టకు జబ్బు చేసిందని, దాన్ని కదిలించవద్దని చెప్పింది. అది ఎన్నడూ కుయ్‌మనకపోతే పాపం బాగా జబ్బేననుకున్నాను.

మూడు వారాలకు నాలుగైదు ఆకులు నీటి మీద పరుచుకున్నాయి. మొదటి ఇటుక తియ్యమంది. నేను కుంటలో దిగి, తొట్టిని గట్టు వైపు ఎత్తిపట్టి, ఇటుక లాగి, తొట్టిని దించాను. దించగానే ఆకులన్నీ మునిగిపోయాయి. అంతవరకూ ఎండలో మెరిసిన పచ్చటి ఆకులు ఒక్కసారిగా మసకగా, నీటి అడుగున వణుకుతూ కనిపించాయి. నాకు ఏమైందో తెలియదు. నడుం లోతు నీళ్ళలో నిలబడి ఏడుస్తూ అరిచాను.

"అప్పుడే కదండీ పైకొచ్చింది! ఎందుకండీ మళ్ళీ ముంచేరు? ముంచేముందు దానికి చెప్పాలి కదా. చెప్పకుండా ముంచేస్తే ఏవనుకుంటాదది? నాకు ఆ రోజు పదహారో ఎక్కం వచ్చిందండీ. చెబుదామని పరిగెత్తుకుని వచ్చేను. తాళం వేసుంది. పొద్దున్న జడేసేటప్పుడు చెప్పొచ్చు కదా. నేను ఏడ్చినా పరవాలేదు కదా. చెప్పొచ్చు కదా!"

నర్సమ్మగారు తన పైట చెంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. చెయ్యి అందించి నన్ను గట్టు మీదకు లాగి, తువ్వాలు కప్పింది. "నిజవేనమ్మా. రెండో ఇటిక తీసేప్పుడు నువ్వే చెప్పి తియ్యి," అంది.

నాలుగు రోజుల్లో కాడలు పొడుగై ఆకులు మళ్ళీ పైకి వచ్చాయి. నాకు నమ్మశక్యం కాలేదు. రెండో ఇటుక రోజున నేను తొట్టి పట్టుకుని, ఇంకెవరూ లేనట్టు, ఆ ఆకులతోనే మాట్లాడాను. ఇవాళ కూడా మునుగుతావు, ఒక ఇటుకంతే. నేను రోజూ వచ్చి చూస్తాను. నిన్నెవరూ వదిలెయ్యలేదు. ఇలాంటివే ఏవో. మూడోదీ నాలుగోదీ కూడా అలాగే చెప్పి తీశాను. కలువ కుంట అడుగుకు చేరింది. ఆకులు అరచెయ్యంత అయ్యాయి.

అప్పుడు అమ్మ నుంచి మూడో క్యాసెట్టు వచ్చింది.

ఈసారి అమ్మ ఎవరినీ పలకరించలేదు. కాసేపు ఏడుపే వినబడింది. తరవాత, "అమ్మలూ," అంది. "చెప్పే వెళ్ళాల్సిందే. నువ్వు ఏడ్చినా చెప్పాల్సిందే. నాకు ధైర్యం చాలక దొంగలా వచ్చేసేను. తప్పు నాదేనమ్మా. ఆ ఎక్కం నాకు చెప్పవే, వింటాను. కలవకి ఇటికలన్నీ తీసేసేవా? ఆకులు పైకొచ్చేయా? జడ ఊడిపోకుండా నల్ల రిబ్బను పంపేను, కట్టుకో."

గదిలో అందరూ నావైపే చూస్తున్నారు. ఎవరూ నవ్వలేదు. నేను లేచి దడి దూరి వెళ్ళాను. నర్సమ్మగారు ఇంట్లో ఉంది. నేను కుంట దగ్గరికి వెళ్ళి గంప ఎత్తి చూశాను. కింద కోడి లేదు, దాని రెట్ట కూడా లేదు. టేపురికార్డరు పెట్టిన చోట మట్టి మీద నలుచదరంగా అచ్చు ఉంది. ఇంటికొచ్చి పెద్దమ్మను అడిగితే, నెల పైగా టేపురికార్డరు నర్సమ్మగారి దగ్గరే ఉందని, ప్రార్థన పాటలు వినడానికి తీసుకెళ్ళిందని మాకందరికీ చెప్పినది ఉత్తిదేనని ఒప్పుకుంది.

నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. అమ్మ మాటలు విన్న సంతోషం కూడా ఆ కోపంలో కొట్టుకుపోయింది. లోకంలో నా మాటలు దాచుకోవడానికి దొరికిన ఒకే ఒక్క చోటు అది. అక్కడ కూడా నాకు తెలియకుండా ఏదో జరిగింది. వారం పైగా అటు వెళ్ళలేదు. పెద్దమ్మ కూతురు వచ్చి నీ కలువ మొగ్గ వేసిందే అన్నా కదల్లేదు. ఆ వారం రోజుల్లో నాకు తెలిసిన ఒంటరితనం అమ్మ వెళ్ళినప్పటి కంటే గట్టిది. ఎందుకంటే ఈసారి తలుపు మూసింది నేనే.

చివరికి ఆవిడే వచ్చింది. ఎవరింటికీ ఊరికే వెళ్ళని మనిషి, మోకాళ్ళు పట్టుకుని మా మెట్లెక్కి, వసారాలో నా పక్కన నేలమీద చతికిలబడింది. పెద్దమ్మ కుర్చీ వేస్తానన్నా వద్దంది.

"నీ మాటలు నీకు చెప్పకుండా పంపేసేను. ఆయ్, అది తప్పే. మీ అమ్మ అక్కడ అన్నం మానేసిందంటే ఆగలేకపోయేను. కానీ మీ అమ్మ చేసిందే నేనూ చేసేను. నీకు చెప్పి చెయ్యాల్సింది."

ఒక పెద్ద మనిషి నా పక్కన కూర్చుని నాకు క్షమాపణ చెప్పడం అదే మొదలు. నేల మీద గీతలు గీస్తూ కూర్చున్నాను. ఆమె తన సంగతి చెప్పడం మొదలుపెట్టింది. కొండల్లో ఉన్న ఇరవై ఏళ్ళూ వాళ్ళ అమ్మకు ప్రతి నెలా ఉత్తరం రాసిందట. ఇక్కడ క్షేమం, అక్కడ క్షేమమని తలుస్తాను. వాళ్ళ అమ్మ కూడా ఎవరి చేతో అదే రాయించేదట. అక్కడ తనకు ఒక ఏడాది ఒంట్లో బాగోక మంచం పట్టిన సంగతి అమ్మకు తెలియదు. ఇక్కడ అమ్మకు చూపు పోయిన సంగతి తనకు తెలియదు. ఆమె పోయాక వచ్చి చూస్తే, తన ఉత్తరాలన్నీ పెట్టెలో కట్టలు కట్టి ఉన్నాయి. "అన్నిటిలోనూ ఒకటే మాటమ్మా. ఇరవయ్యేళ్ళు ఒకరికొకరం ఏవీ చెప్పుకోకుండానే అయిపోయింది. మా అమ్మ రాయించినవన్నీ మళ్ళీ చదివినా ఆవిడ పొద్దున్న లేచి ఏం చేసేదో కూడా తెలీదు నాకు," అంది. గొంతు మామూలుగానే ఉంది. కళ్ళు మాత్రం దడి అవతల ఎక్కడో ఉన్నాయి.

కాసేపటికి, "రేపు మొగ్గ విప్పుద్ది. నాకు కనపడదు కదా, ఎవరు చెప్తారు?" అంది.

"నిజంగా కనపడదా అండీ? నిజం చెప్పండి," అన్నాను.

ఆమె నవ్వింది. "పువ్వు కనపడుద్దమ్మా. నీళ్ళ అడుగే కనపడదు."

మర్నాడు రెండో శనివారం, బడికి సెలవు. పొద్దున్నే పెద్దమ్మను అడిగి టేపురికార్డరు నేనే మోసుకెళ్ళాను. గంప కింద కాదు, గట్టు మీద అందరికీ కనబడేలా పెట్టాను. ఎండ కుంట మీదకు వచ్చిన కాసేపటికి మొగ్గ కదిలింది. ఎర్ర మీట నేనే నొక్కాను. మొదట గబగబా పదహారో ఎక్కం చెప్పేశాను. నోరు తడబడింది, మధ్యలో ఒకచోట తప్పు కూడా పోయింది. తరవాత పువ్వు చెప్పాను. బయటి రేకలు నాలుగు, ఆకుపచ్చవి, ముందు అవి వెనక్కి వాలాయమ్మా. లోపలివి ఇంకా ముడుచుకునే ఉన్నాయి. అంచులు తెలుపు, మొదలు దగ్గర గులాబీ. ఇప్పుడు ఒకటి విడింది. తేనెటీగ వచ్చింది. నర్సమ్మగారు ఇక్కడే ఉన్నారు, నవ్వుతున్నారు. క్యాసెట్టు ఒక పక్కంతా అయిపోయి టక్కున మీట పైకి లేచేదాకా చెబుతూనే ఉన్నాను. ఎప్పుడొస్తావని అడగలేదు. బెంగగా ఉందనీ అనలేదు. అవి చెప్పడం నాకు అప్పటికీ చేతకాలేదు. కానీ అమ్మకు అవి కూడా వినబడే ఉంటాయి.

ఆ పువ్వు నాలుగు రోజులు పొద్దున్న విచ్చుకుని, మధ్యాహ్నం ముడుచుకుని, అయిదో రోజుకు నీళ్ళలోకి దిగిపోయింది. అదీ అమ్మకు చెప్పాను. అక్కడి నుంచి వచ్చే క్యాసెట్లు కూడా మారాయి. అమ్మ తాను ఉతికే తివాచీల గురించి, ఆ ఇంటి ముసలావిడ తనకు నేర్పిన రొట్టె గురించి, కిటికీలోంచి కనబడే ఒకే ఒక్క చెట్టు గురించి చెప్పేది. అవి విన్నాకే, అమ్మ అక్కడ నాకంటే ఒంటరిగా ఉందని నాకు మొదటిసారి తెలిసింది. బాగున్నాను అన్న మాటలో అది ఏనాడూ తెలియలేదు.

అమ్మ నాలుగేళ్ళకు ఒకసారి వచ్చి రెండు నెలలుండి మళ్ళీ వెళ్ళింది. ఈసారి నెల ముందే చెప్పింది. రాజోలు బస్టాండు దాకా నన్ను తీసుకెళ్ళింది. చెప్పి వెళ్ళినా దుఃఖం తక్కువేమీ కాలేదు, నిజం చెప్పాలంటే. కానీ ఆ దుఃఖంలో అమ్మ మీద అనుమానం లేదు. ఆమె పూర్తిగా తిరిగొచ్చేసరికి నాకు పెళ్ళయిపోయింది. మేమిద్దరం ఒక ఇంట్లో కలిసి బతికిన ఏళ్ళు లెక్కపెడితే చాలా తక్కువ. అయినా ఆమె పోయిన రోజున, మా అమ్మ ఎవరో నాకు తెలియదు అని అనుకోవలసిన పరిస్థితి నాకు రాలేదు.

నర్సమ్మగారు నేను టీచరు ట్రైనింగులో ఉండగానే పోయారు. చివరి నెలల్లో నిజంగానే ఆమెకు చూపు పూర్తిగా పోయింది. సెలవులకు వెళ్ళినప్పుడల్లా కుంట గట్టు మీద కూర్చోబెట్టి అన్నీ చెప్పేదాన్ని. ఆ ఇల్లు కొన్నవాళ్ళు కుంట పూడ్చేశారని విన్నాను. చూడడానికి వెళ్ళలేదు.

నేను ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పాను. ఆ బళ్ళలో అమ్మ గల్ఫులో ఉన్న పిల్లలు ప్రతి తరగతిలోనూ ఇద్దరు ముగ్గురు ఉండేవారు. ఇప్పుడు ఫోనులో మొహాలు కూడా కనబడుతున్నాయి. అయినా బాగున్నావా, బాగున్నాను, తిన్నావా, తిన్నాను, అంతటితో పెట్టేస్తారు. వాళ్ళను ఎలా ఉన్నావని నేను ఎన్నడూ అడగలేదు. పొద్దున్న లేచాక ఏం చేశావో చెప్పు అనేదాన్ని. కొందరు చెప్పేవారు. కొందరికి నెలలు పట్టేది. ఒకరిద్దరు ఎప్పటికీ చెప్పలేదు. అందరికీ ఒకే లోతు పనికిరాదు కదా.

ఇప్పుడు అమలాపురంలో మేడ మీద రెండు గదుల్లో ఉంటున్నాను. మా ఆయన పోయి మూడేళ్ళయింది. పిల్లలు లేరు. రోజంతా నోరు విప్పే అవసరం రాని రోజులు చాలానే ఉంటాయి. సాయంత్రం అయిదు దాటాక కొత్తపేట నుంచి ఒకావిడ ఫోను చేస్తుంది. నాతో పాటు పనిచేసి రిటైరైన మనిషి, ఆమె కూడా ఒక్కతే. మేము ఒకరినొకరం క్షేమం అడగం. నిన్న ఆవిడ ములక్కాడలు కోసిందట, రెండు ముదిరిపోయాయట, గింజ తీసి పప్పులో వేసిందట. నేను బియ్యం చెరుగుతుంటే కిటికీ మీద పిచుక వాలిందని, అది ఎంతసేపు ఉందో, ఎటు ఎగిరిందో చెప్పాను. అరగంట గడిచిపోయింది. ఫోను పెట్టేశాక ఈ గదులు ఎప్పట్లాగే నిశ్శబ్దంగా ఉన్నాయి. ఆవిడ ఇల్లూ అంతే ఉంటుంది. కానీ ఆవిడ పప్పులో ఏం వేసుకుందో ఈ భూమ్మీద నాకొక్కదానికైనా తెలుసు.